పాత నగలో అసలు బంగారమెంత?

సింగరేణిలో బొగ్గు అమ్మాలంటే రెండు పరీక్షలు తప్పవు. వ్యాగన్ కాంటా ఎక్కాలి, అందులోంచి తీసిన నమూనా ప్రయోగశాలకు వెళ్లాలి. కాంటా టన్నులు చెబుతుంది. ప్రయోగశాలలో కెలోరీమీటరు, కిలో బొగ్గు కాలితే ఎన్ని కిలోకెలరీల వేడి పుడుతుందో చెబుతుంది. ఆ వేడిని బట్టే జీ-1 నుంచి జీ-17 వరకు గ్రేడ్లు. కిలోకు 4,301 నుంచి 4,600 కిలోకెలరీలిస్తే జీ-10. అంతకంటే తగ్గితే జీ-11, దాని ధర వేరు. నమూనాను కూడా వ్యాగన్ పైభాగం నుంచి పిడికెడు తీసుకుని సరిపెట్టరు. పలుచోట్ల తీసి, నలగ్గొట్టి, కుప్ప పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు కలిపి, మళ్లీ మళ్లీ తగ్గించుకుంటూ వస్తారు. అమ్మేవాడి మాట కొనేవాడు, కొనేవాడి మాట అమ్మేవాడు నమ్మాల్సిన పని లేకుండా మూడో సంస్థ చేత పరీక్ష చేయించే పద్ధతి కూడా ఉంది.

అదే సింగరేణి గనులున్న గోదావరిఖనిలో కార్మికుడి ఇంట్లోంచి ఒక పాత గొలుసు అమ్మకానికి వెళ్తే ఇంత పద్ధతి కనిపించదు. నగ ఒకసారి కాంటా మీద పెడతారు, గీటురాయి మీద ఒక గీత గీస్తారు, "ఇంత వస్తదమ్మా" అంటారు. ఆ ఒక్క మాటలో బరువు, వన్నె, రేటు, తరుగు, లాభం అన్నీ కలిసిపోయి ఉంటాయి. వేటిలో ఎంత పోయిందో అమ్మిన మనిషికి తెలియదు.

ఈ ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. దసరా ముందు లాభాల వాటా, దీపావళికి బోనస్ అందగానే ఎన్నో కార్మిక కుటుంబాలు చేసే మొదటి పని తులమో అర తులమో కొనడం. పదవీ విరమణ నాటికి ఒక కుటుంబం దాచుకున్న దాంట్లో ఎక్కువ భాగం భార్య మెడలో, చేతులకు, బీరువాలో ఉంటుంది. అది తిరిగి డబ్బుగా మారేది ఆసుపత్రి ఖర్చుకో, పిల్లల ఫీజుకో, ఆడపిల్ల పెళ్లికో. అంటే అమ్మేది ఎప్పుడూ తొందరలోనే. తొందరలో ఉన్న మనిషికి లెక్క తెలిసి ఉండటం చాలా అవసరం. ఈ అధ్యాయం చెప్పదలచుకున్నది ఒక్కటే: పాత నగ ధరలో మూడు అంకెలున్నాయి. నికర బరువు, వన్నె, ఆనాటి రేటు. మూడింటినీ విడివిడిగా, మన కళ్ల ముందు తేల్చాలి. మిగిలిన మినహాయింపు ఏదైనా వాటి తరువాత, పేరు పెట్టి చెప్పాలి.

మొదటి అంకె: నికర బరువు

పుస్తెలతాడులో నల్లపూసలుంటాయి, కమ్మల్లో రాళ్లుంటాయి, బోలుగా చేసిన గుండ్లలో, పాత గాజుల్లో లక్క ఉంటుంది. కాంటా ఇవన్నీ కలిపి చూపేది స్థూల బరువు. రాళ్లు, పూసలు, లక్క పోగా మిగిలేది నికర బరువు. కొనేవారు రాళ్ల బరువును అంచనాగా కొట్టేస్తే ఒప్పుకోనక్కరలేదు. విప్పగలిగినవి విప్పించి, విడిగా తూయించాలి. తీసిన రాళ్లు, పూసలు అమ్మినవారివే, అడిగి తెచ్చుకోవాలి.

బంగారం కాంటాలో మిల్లీగ్రాములు కూడా లెక్కే. గ్రాము ధర వేలల్లో ఉన్నప్పుడు పదో వంతు గ్రాము తేడా వందల రూపాయలు. కాంటాకు గాజు తలుపులుంటే అవి మూసి ఉండాలి, ఫ్యాను గాలికే అంకె మారుతుంది. నగ పెట్టక ముందు సున్నా కనబడాలి. తూనికలు కొలతల శాఖ వేసిన ముద్ర ఉండాలి, దాని గడువు తీరి ఉండకూడదు. ఈ మూడూ చూడటం అమ్మేవారి హక్కు.

తులం లెక్క దగ్గర మరింత జాగ్రత్త కావాలి. ఇప్పుడు తెలంగాణ బజారులో తులమంటే 10 గ్రాములు. మెట్రిక్ తూకాలు రాకముందు నుంచి వచ్చిన తులం 11.66 గ్రాములు. తాతల నాటి కాగితంలో "5 తులాలు" అని ఉంటే అది 50 గ్రాములు కావచ్చు, 58 గ్రాములకు పైన కావచ్చు. అందుకే మాట గ్రాముల్లోనే సాగాలి.

రెండో అంకె: వన్నె

శుద్ధమైన బంగారం మెత్తన, వంచితే వంగుతుంది. నగ నిలవాలంటే రాగి, వెండి కలపాలి. మొత్తాన్ని 24 భాగాలనుకుంటే అందులో 22 భాగాలు బంగారమైతే 22 క్యారెట్లు. దీన్నే వెయ్యికి 916 అంటాం. 20 క్యారెట్లంటే 833, 18 అంటే 750. వ్యాపారులు "టచ్" అనేది కూడా ఇదే కొలత, నూటికి ఎంత అన్న లెక్కలో. నగలో బంగారం ఎంతో తేల్చడానికి నాలుగు దారులున్నాయి. నాలుగింటికీ వాటి బలముంది, వాటి హద్దుంది.

మొదటిది గీటురాయి. నున్నని నల్లరాతి మీద నగను రుద్దితే సన్నని లోహపు గీత పడుతుంది. వన్నె తెలిసిన మరో ముక్కతో పక్కనే ఇంకో గీత గీసి, రెండింటి మీదా ఆమ్లం చుక్క వేస్తారు. నైట్రిక్ ఆమ్లం రాగిని, వెండిని కరిగిస్తుంది, బంగారాన్ని ముట్టదు. ఏ గీత ఎంత త్వరగా వెలిసిపోయిందో చూసి వన్నె చెబుతారు. అనుభవం గల అవుసలి చేతిలో ఇది మంచి పరీక్షే. కానీ రాయి మీద పడింది నగ పైపొర మాత్రమే, పైగా తీర్పు ఇచ్చింది కొనేవారి కన్ను. 22కూ 21కీ మధ్య తేడాను గీత చూసి తేల్చడం కష్టం. అలాంటి చోట అనుమానం ఎప్పుడూ కొనేవారి వైపే మొగ్గుతుంది.

రెండోది నీటి తూకం. ఇంట్లోనే చేసుకోవచ్చు. గ్రాములో వందో వంతు చూపే చిన్న కాంటా చాలు. ముందు నగను మామూలుగా తూచి బరువు రాసుకోవాలి. తరువాత కాంటా మీద నీళ్ల గ్లాసు పెట్టి అంకెను సున్నాకు తేవాలి. నగను సన్నని దారంతో వేలాడదీసి, అడుగుకూ అంచుకూ తగలకుండా పూర్తిగా ముంచాలి. అప్పుడు కనబడే అంకె నగ తొలగించిన నీటి బరువు. నీరు ఘన సెంటీమీటరుకు ఒక గ్రాము కాబట్టి అదే నగ ఘనపరిమాణం. బరువును దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది. శుద్ధ బంగారానిది 19.3, వెండిది 10.5, రాగిది 9 కన్నా కాస్త తక్కువ. 22 క్యారెట్ల నగకు ఇది 17.6 నుంచి 18 మధ్య ఉండాలి. అంటే 22 గ్రాముల గొలుసు నీళ్లలో ముంచితే కాంటా 1.22 నుంచి 1.25 దాకా చూపాలి. అదే గొలుసు 18 క్యారెట్లదైతే 1.38 నుంచి 1.47. లోపల ఇత్తడి ఉండి పైన పూత మాత్రమే అయితే అంకె 2.5 దాటుతుంది. ఇంత స్పష్టమైన తేడాను ఏ మెరుపూ దాచలేదు.

దీని హద్దులు కూడా తెలుసుకోవాలి. రాళ్లు, లక్క, బోలు ఉన్న నగలకు ఇది పనికిరాదు. గొలుసు కొక్కేల్లో గాలి బుడగలు ఇరుక్కుంటే అంకె తప్పుతుంది, నీళ్లలో మెల్లగా కదిలించి వాటిని వదిలించాలి. టంగ్‌స్టన్ సాంద్రత 19.25, బంగారానికి చాలా దగ్గర. దాన్ని లోపల పెట్టి చేసిన బిస్కెట్‌ను నీళ్లు పట్టించలేవు. ఇంటి నగల విషయంలో మాత్రం దుకాణానికి వెళ్లే ముందే ఒక అంచనా చేతిలో ఉంచే పరీక్ష ఇది.

మూడోది ఎక్స్‌రే యంత్రం. దుకాణాల్లో కంప్యూటర్ టెస్టింగ్ అంటారు. ఎక్స్‌రే కిరణాలు పరమాణువులోని లోపలి ఎలక్ట్రాన్‌ను తన్ని తరిమేస్తే, ఆ ఖాళీలోకి బయటి ఎలక్ట్రాన్ దిగుతుంది. దిగేటప్పుడు ఆ లోహానికే చెందిన శక్తితో కొత్త ఎక్స్‌రే వెలువడుతుంది. బంగారానిది ఒక శక్తి, రాగిది మరొకటి, వెండిది ఇంకొకటి. వాటి పాళ్లను లెక్కగట్టి తెర మీద శాతాలు చూపిస్తుంది. నిమిషం చాలు, నగ చెడదు. కానీ ఈ చూపు బంగారంలో దాదాపు మిల్లీమీటరులో వందో వంతు లోతు వరకే. మందమైన పూత ఉంటే లోపలిది తెలియదు. టంకం వేసిన అతుకు మీద గురి పెడితే వన్నె తక్కువ చూపుతుంది. అందుకే ఒక్కచోట కాదు, మూడు నాలుగు చోట్ల పరీక్షించమని అడగాలి. తెర మన వైపు తిరిగి ఉండాలి, కాగితం మీద ముద్రించి ఇవ్వాలి.

నాలుగోది అగ్నిపరీక్ష. నగ వన్నెను పరీక్షించి ముద్ర వేసే హాల్‌మార్కింగ్ కేంద్రాల్లో చివరి మాట దీనిదే. చిన్న ముక్క కత్తిరించి, మిల్లీగ్రాములో వందో వంతు వరకు తూచి, కొంత వెండి కలిపి, సీసపు రేకులో చుడతారు. ఎముకల బూడిదతోనో మెగ్నీషియాతోనో చేసిన చిన్న గిన్నెలో పెట్టి 1,000 డిగ్రీలు దాటిన కొలిమిలో ఉంచుతారు. సీసం ఆక్సైడై, రాగినీ ఇతర లోహాలనూ తనతో పాటు గిన్నెలోకి ఇంకించుకుపోతుంది. చివరికి బంగారం, వెండి కలిసిన చిన్న పూస మిగులుతుంది. దాన్ని సాగదీసి నైట్రిక్ ఆమ్లంలో మరిగిస్తే వెండి కరిగిపోతుంది. మిగిలింది బంగారమే. దాన్ని మళ్లీ తూస్తారు. ఎంత పెట్టామో, ఎంత మిగిలిందో రెండు తూకాలే చెబుతాయి. ఎవరి కంటిచూపుతోనూ పని లేదు.

కరిగిస్తే పోయేది ఏమిటి?

పాత గొలుసులో వందల అతుకులుంటాయి. ప్రతి అతుకులోనూ టంకం. అందుకే ఏ కొక్కెం దగ్గర నమూనా తీసినా అది మొత్తం గొలుసును చెప్పదు. బొగ్గును నలగ్గొట్టి కలిపినట్టే ఇక్కడ నగను కరిగించి ఒక్క ముద్ద చేస్తారు. అప్పుడు ఎక్కడ తీసిన ముక్కైనా అంతటికీ సరైన నమూనా అవుతుంది.

కరిగించాక ముద్దను తూస్తే బరువు కొంత తగ్గుతుంది. చాలామంది గుండె జారేది ఇక్కడే. 22 గ్రాముల గొలుసు 21.6 అయ్యిందంటే 0.4 గ్రాముల బంగారం ఆవిరైందనుకుంటారు. అది నిజం కాదు. బంగారం 1,064 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మరిగి ఆవిరి కావాలంటే 2,800 డిగ్రీలు దాటాలి. అవుసలి కొలిమిలో అంత వేడి రాదు. పోయింది ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి, సందుల్లో మిగిలిన లక్క, వెలిగారంలో కలిసిపోయిన రాగి ఆక్సైడ్, టంకంలోని జింకు, కేడ్మియం. కేడ్మియం 767 డిగ్రీలకే మరుగుతుంది. ఒకప్పటి కేడీఎం నగల్లో అతుకులు వేసింది దానితోనే. దాని పొగ ఊపిరితిత్తులకు విషం కాబట్టి నగల పరిశ్రమ దాన్ని వదిలేయాల్సి వచ్చింది.

చెత్త పోయి బంగారం అలాగే ఉంటే, ముద్దలో బంగారం పాలు పెరగాలి. లెక్క వేసి చూద్దాం. కరిగించక ముందు 22 గ్రాముల్లో సగటున వెయ్యికి 890 పాళ్లు బంగారం ఉందనుకుంటే అసలు బంగారం 19.58 గ్రాములు. కరిగించాక ముద్ద 21.6 గ్రాములు, పరీక్షలో 906 వచ్చింది. 21.6ను 0.906తో గుణిస్తే 19.57. బంగారం చెక్కుచెదరలేదు.

కాబట్టి కరిగించిన తరువాతి బరువును కరిగించిన తరువాతి వన్నెతోనే గుణించాలి. ముందు గీటురాయి మీద చెప్పిన తక్కువ వన్నెను తీసుకొచ్చి తరువాతి తక్కువ బరువుతో గుణిస్తే, పోయిన చెత్తకు అమ్మినవారు రెండుసార్లు మూల్యం చెల్లించినట్టవుతుంది. ఆ పైన "కరుగుడు తరుగు రెండు శాతం" అంటే అది మూడోసారి. తరుగు ముద్ద బరువులోనే తేలిపోయింది, మళ్లీ తీసేందుకు ఏమీ మిగల్లేదు.

కరిగిస్తే నగ మళ్లీ నగ కాదు. కాబట్టి మూస కొలిమిలోకి వెళ్లక ముందే మాట ఖాయం చేసుకోవాలి: ఏ రేటుకు, ఎంత మినహాయింపుకు, బేరం కుదరకపోతే ముద్ద తిరిగి ఇచ్చే షరతుతో. కరిగించేంతసేపూ అక్కడే ఉండాలి. మూస అడుగున, కత్తిరించిన చోట, అరం పొడిలో మిగిలిన లోహమూ ముద్దలో చేరాలి.

మూడో అంకె: రేటు

బంగారం ధరకు మూలం లండన్ బజారు. అక్కడ పని దినాల్లో రోజుకు రెండుసార్లు, ఉదయం పదిన్నరకు, మధ్యాహ్నం మూడింటికి, ఔన్సుకు ఇన్ని డాలర్లని ధర తేలుస్తారు. ఆ ఔన్సు 31.1 గ్రాములు. దాన్ని రూపాయల్లోకి మార్చి, దిగుమతి సుంకం కలిపితే మన ధరకు దగ్గరగా వస్తుంది. 2024 జూలైలో సుంకం 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గగానే దేశమంతా ధర పడింది. ముంబైలోని ఇండియా బులియన్ అండ్ జ్యువెలర్స్ అసోసియేషన్ పని దినాల్లో వన్నెల వారీగా రేట్లు ప్రకటిస్తుంది. గోదావరిఖని లక్ష్మీనగర్‌లో దుకాణం మెట్లెక్కే ముందు ఆ రేటు ఫోనులో చూసుకోవడానికి ఒక్క నిమిషం చాలు.

రేటు దగ్గర ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. బోర్డు మీద 22 క్యారెట్ల రేటు ఉంటుంది. అందులో వన్నె కోత ముందే పడి ఉంది. 24 క్యారెట్ల గ్రాము 10,000 రూపాయలనుకుంటే 22 క్యారెట్లది 9,160. 10 గ్రాముల 916 నగకు రావాల్సింది 91,600. కానీ "916 కాబట్టి 9.16 గ్రాములే" అని బరువు తగ్గించి, దాన్ని మళ్లీ 22 క్యారెట్ల రేటుతో గుణిస్తే వచ్చేది 83,906. ఒక్క తులం మీద 7,694 రూపాయలు గాలికి పోయాయి. అసలు బంగారం బరువు తీస్తే 24 క్యారెట్ల రేటు పట్టాలి. నికర బరువు తీసుకుంటే ఆ వన్నె రేటు పట్టాలి. రెండింటినీ కలపకూడదు.

వన్నె మాట ఎంత విలువైనదో పై గొలుసుతోనే చూడవచ్చు. 19.58 గ్రాముల అసలు బంగారానికి 10,000 చొప్పున 1,95,800 రూపాయలు. పరీక్ష లేకుండా "ఇది 20 క్యారెట్లే" అని 833 లెక్క కడితే 1,83,260. పన్నెండున్నర వేల తేడా ఆ ఒక్క మాటలో ఉంది.

కొనేవారికి శుద్ధి ఖర్చుంది, రేటు పడిపోయే భయముంది, లాభమూ కావాలి. అందుకు కొంత మినహాయించుకోవడం న్యాయమే. ఆ మినహాయింపు మొత్తం విలువ మీద ఇంత శాతమని ఒకే వరుసలో చెప్పాలి. అప్పుడే మూడు దుకాణాలు తిరిగి పోల్చుకోవచ్చు. కొన్నప్పుడు పెట్టిన మజూరి, తరుగు, జీఎస్టీ మాత్రం తిరిగి రావు, వాటి మీద ఆశ పెట్టుకోకూడదు. ఇంటి నగ అమ్మే మనిషి జీఎస్టీ కట్టనక్కరలేదు, ఆ పేరుతో కోత పెడితే ఒప్పుకోకూడదు. పాత నగ ఇచ్చి కొత్తది తీసుకుంటే "పూర్తి ధర ఇస్తాం" అంటారు. ఆ ఉదారత కొత్త నగ మజూరిలో తిరిగి వసూలవుతుందేమో చూడాలి. నగదుకు ఎంత, మార్పిడికి ఎంత అని రెండు లెక్కలూ రాయించుకుని పోల్చాలి.

వెండి మాట

పట్టగొలుసులు, కడియాలు, పూజ సామాను అమ్మేటప్పుడు నలుపు చూసి ధర తగ్గిస్తారు. ఆ నలుపు గాలిలోని గంధకంతో వెండి కలిసి ఏర్పడిన సల్ఫైడ్ పొర, చాలా పలచనిది. లోపలి వెండికి ఏమీ కాదు. వెండిలో అసలు ప్రశ్న వన్నె. పట్టగొలుసుల్లో టంకం ఎక్కువ, అందుకే కడియం కన్నా వన్నె తగ్గడం సహజం. ఈ రెండింటినీ ఒక్క కుప్పగా తూయనివ్వకూడదు. వెండి నగలకు కూడా 2025 సెప్టెంబరు నుంచి గుర్తింపు సంఖ్యతో స్వచ్ఛంద హాల్‌మార్కింగ్ మొదలైంది.

ముద్ర ఇచ్చే బలం

భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) బంగారు నగలకు హాల్‌మార్కింగ్ 2000 సంవత్సరంలో మొదలుపెట్టింది. 2021 జూన్ 23 నుంచి దేశంలోని 256 జిల్లాల్లో తప్పనిసరి చేసి, తరువాత మరిన్ని జిల్లాలకు విస్తరించింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే గుర్తింపు సంఖ్య, హెచ్‌యూఐడీ, లేని హాల్‌మార్క్ నగను దుకాణాలు అమ్మకూడదు. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగ రకం, వన్నె, పరీక్షించిన కేంద్రం కనబడతాయి. అంటే అమ్మేటప్పుడు గీటురాయితో వాదించే పని చాలావరకు తప్పుతుంది. ముద్ర చెప్పినంత వన్నె లేదని పరీక్షలో తేలితే, లోటు విలువకు రెండింతలూ పరీక్ష ఖర్చూ అమ్మిన దుకాణమే ఇవ్వాలని 2018 బీఐఎస్ నియమాలు చెబుతున్నాయి. కొన్నప్పటి బిల్లు దాచుకోవాల్సింది అందుకే.

ముద్ర లేని పాత నగలకూ దారి ఉంది. గుర్తింపు పొందిన హాల్‌మార్కింగ్ కేంద్రంలో సామాన్యులు కూడా తమ నగలు పరీక్ష చేయించుకోవచ్చు. 2023లో ప్రభుత్వం ప్రకటించిన రుసుము నాలుగు నగల వరకు 200 రూపాయలు, ఐదు లేదా అంతకు మించితే నగకు 45 రూపాయలు. కొనేవారితో సంబంధం లేని కేంద్రం ఇచ్చిన ఆ కాగితం చేతిలో ఉంటే బేరం మొదలయ్యే చోటే మారిపోతుంది. లక్షన్నర విలువైన గొలుసుకు 200 రూపాయలు ఖర్చు చేయడానికి వెనకాడకూడదు.

కాగితం లేని అమ్మకం వద్దు. రసీదులో స్థూల బరువు, నికర బరువు, వన్నె, రేటు, మినహాయింపు, చేతికొచ్చిన మొత్తం ఆరు వరుసలుగా ఉండాలి. సొమ్ము బ్యాంకు ఖాతాలో పడితే మేలు. 2 లక్షలు, ఆ పైన నగదుగా తీసుకోవడం చట్టరీత్యా కుదరదు. ఆధార్ అడిగితే చిన్నబుచ్చుకోవద్దు. దొంగ సొత్తు కొనకుండా చూసుకోవడం మంచి వ్యాపారి బాధ్యత. అవసరం మూడు నెలలదే అయితే అమ్మడం కన్నా బ్యాంకులో కుదువ పెట్టడం గురించి ముందు ఆలోచించాలి.

ఈ లెక్క నేర్చుకోవాల్సిన సమయం ఆసుపత్రి బిల్లు చేతికొచ్చిన రోజు కాదు. ఇంట్లో అందరూ బాగున్న ఒక ఆదివారం, నగలన్నీ బయటకు తీసి, ఒక నోటుబుక్కులో ఒక్కో నగకు ఒక్కో వరుస రాయండి: ఏ నగ, ఎన్ని గ్రాములు, రాళ్లు ఎన్ని, ముద్ర మీద ఏముంది, నీటి తూకంలో ఎంత వచ్చింది, బిల్లు ఎక్కడుంది. ముద్ర లేనివాటిని ఒకసారి పరీక్ష చేయించి ఆ కాగితాలు అందులోనే పెట్టండి. ఈ పని ఇంట్లో ఆడవాళ్లతో కలిసి చేయాలి. నగ వారిది, అమ్మాల్సి వచ్చినప్పుడు దుకాణంలో నిలబడేది చాలాసార్లు వారే. లెక్క తెలిసిన మనిషి ముందు కొనేవారు కూడా లెక్క ప్రకారమే మాట్లాడతారు.